ఇసుక మేట తీస్తామంటే సరే, ఎంత లోతు వరకు?

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్లింది. అదే రోజుల్లో ఖమ్మం జిల్లాలో మున్నేరు పొంగింది. ఇలాంటి వరద వెళ్లాక ఒడ్డు పొలాల్లో ఇసుక మేటలు మిగులుతాయి. మరోపక్క ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది జులై 8 నుంచి ఉచిత ఇసుక విధానం వచ్చింది. ఇసుక ఉచితమే గానీ తవ్వకం, లోడింగ్, రవాణాకు డబ్బు కట్టాల్సిందే. ఇసుకకు గిరాకీ ఉన్నంతకాలం ‘మీ మేట మేమే తీస్తాం, ఎదురు డబ్బులిస్తాం’ అంటూ వచ్చేవాళ్లూ ఉంటారు.

మీరు ఒప్పుకునే ముందు తేల్చుకోవాల్సింది ధర కాదు, లోతు. వరద తర్వాత పొలంలో పడిన మేటను రైతులు తొలగించుకోవడానికి పర్యావరణ అనుమతి అక్కర్లేదని కేంద్రం 2016 జనవరి నోటిఫికేషన్‌లో మినహాయింపు ఇచ్చింది. మేట కింద ఉన్న పాత నేలను దాటి తవ్వితే అది మైనింగే, దానికి ఈ మినహాయింపు లేదు. తీసిన ఇసుకను అమ్మాలన్నా, తరలించాలన్నా గనుల శాఖ అనుమతి విడిగా తీసుకోవాలి. అసైన్డ్ భూమి అయితే ఇంకా జాగ్రత్త. 1977 చట్టం ప్రకారం దాన్ని లీజుకివ్వడం కూడా చెల్లదు.

అందుకే యంత్రం దిగకముందే పొలంలో నాలుగైదు చోట్ల గుంతలు తీసి మేట మందం కొలవండి. రంగు మారి పాత మట్టి ఎక్కడ తగిలితే ఆ మట్టానికి గూటాలు పాతి, ఫొటోలు తీసి, రెవెన్యూ సిబ్బంది సమక్షంలో కాగితం మీద రాయించండి. నోటిమాట మీద పొక్లెయిన్ ఆగదు.

పాత నేల పోతే ఏమవుతుందో లెక్క చూడండి. ఎకరం పొలంలో అరడుగు మందాన మట్టి పరచాలంటే సుమారు 600 ఘనపు మీటర్లు కావాలి. ట్రాక్టర్ ట్రక్కుకు 3 ఘనపు మీటర్లు అనుకుంటే 200 ట్రిప్పులు. ఆరున్నర అడుగుల గొయ్యి పూడ్చాలంటే 2,700 ట్రిప్పులు. ఇసుకకు వచ్చిన డబ్బు దీనికి ఏ మూలకూ చాలదు. చౌక అని బూడిద, కూల్చిన ఇళ్ల చెత్త పోయించుకుంటే పక్క బోర్ల నీళ్లు చెడతాయి.

ఇప్పటికే గొయ్యి పడిన పొలమైతే మొత్తం పూడ్చాలన్న ఆశ వదిలి, ముందు ఏటికీ గొయ్యికీ మధ్య మిగిలిన గట్టును కాపాడుకోండి. ఆ గట్టు తెగితే వచ్చే వరదకు ఏరు గొయ్యి గుండా మీ పొలంలోకి దారి మార్చుకుంటుంది. అక్కడ ఒక్క బుట్ట ఇసుక కూడా తీయనివ్వకండి. నిటారుగా ఉన్న గోడలను వాలుగా కొట్టించి వట్టివేరు, పైన వెదురు నాటుకోవాలి. గొయ్యి భూగర్భ జలమట్టం కిందికి దిగితే చుట్టుపక్కల నీరంతా అందులోకి ఊరుతుంది, వేసవిలో ఒడ్డు బోర్లు తగ్గుతాయి. వంతెనలు, ఆనకట్టలతో పాటు సాగునీటి, తాగునీటి బావులకు కూడా 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదని వాల్టా నిబంధనలు చెబుతున్నది ఇందుకే. పక్క పొలంలో తవ్వకం మొదలైనా ఈ నిబంధన చూపి తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు, రసీదు మాత్రం మరవకండి.

లోతు తక్కువగా ఉన్న భాగాన్ని సాగుకు తెచ్చుకోవచ్చు. గరుకు ఇసుక అడుగున, బంకమట్టి లేదా చెరువు పూడిక మట్టి దాని మీద, దాచిన పైమట్టి అన్నిటికన్నా పైన రావాలి. పైమట్టి కుప్పను ఎండకు వదిలేయకుండా జనుము చల్లి ఉంచండి. తొలకరికి నీరు నిలిచే చోట జీలుగ, తేలిక నేలలో జనుము వేసి పూతదశలో కలియదున్నాలి. తొలి ఏడాదే వరి వేయవద్దు, పెట్టిన నీరు నిలవదు, ఎరువూ దానితో పాటే కిందికి పోతుంది. పుచ్చ, దోస, నువ్వులు లేదా పశుగ్రాసం వేసుకోండి. భూసార పరీక్ష చేయించి, సేంద్రియ కర్బనం ఎంత పెరిగిందో చూసుకున్నాకే రెండో ఏడాది పంట నిర్ణయించుకోవాలి.