చోటిచ్చి మాట లాక్కుంటారా?

2021 ఆరంభంలో 'సలార్' షూటింగ్ గోదావరిఖనిలోని సింగరేణి ఓపెన్‌కాస్టు గనిలో జరిగింది. 2023 డిసెంబరు 22న సినిమా విడుదలైంది. అందులో బొగ్గుగని అసోంలోని తిన్సుకియాది. హీరో అక్కడ మెకానిక్. బొగ్గు తవ్వేవాళ్లు గుంపులో గుంపుగానే మిగిలారు. జ్యోతినగర్ నుంచి ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ దాకా ఇలాంటి సినిమాలకు టికెట్లు కొనేది కోల్‌ఫిల్లర్ల, ట్రామర్ల, కాంట్రాక్టు కార్మికుల పిల్లలే. ఒక్కొక్కరికీ పదిమంది బలమున్న హీరోలతో తీసే మన భారీ చిత్రాల్లో అణగారినవాళ్లకు చోటు పెరిగింది. గౌరవం పెరగలేదు.

పెద్ద ఉదాహరణ 2022 మార్చి 25న వచ్చిన 'ఆర్ఆర్ఆర్'. ఇద్దరు వీరులు, ఇద్దరికీ మానవాతీత బలం. పులితో తలపడే కొమురం భీముడికి పోరాటాల్లో లోటేమీ చేయలేదు. అయితే రెండో వీరుడు రాముడు కాషాయం కట్టి, విల్లంబులు పట్టి దేవుడిలా నిలబడితే, భీముడు తనకూ తన జనానికీ చదువు చెప్పించమని అతన్ని అడగడంతో కథ ముగిసింది. ప్రచారంలో ఉన్న జీవితకథ ప్రకారం భీముడు చాందాలో చదవడం, రాయడం నేర్చుకున్నాడు. నిజాం సర్కారుతో భూమి కోసం మాట్లాడినవాడు, గోండులను కూడగట్టినవాడు, 1940లో జోడేఘాట్‌లో పోలీసు తూటాలకు నేలకొరిగినవాడు. ఆ నాయకుణ్ణి శిష్యుడి స్థానంలో కూర్చోబెట్టారు. 'ఇది కల్పన' అని దర్శకుడు ముందే చెప్పారన్నది నిజం. కల్పనకు స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛ ప్రతిసారీ ఆదివాసీనే ఒక మెట్టు కిందికి ఎందుకు దించుతుందన్నదే ప్రశ్న.

ఈ జబ్బు హాలీవుడ్‌కూ ఉంది. 2017 'జస్టిస్ లీగ్'లో ఆరుగురు వీరుల్లో నల్లజాతి నటుడు రే ఫిషర్ పోషించిన సైబోర్గ్ పాత్ర చాలావరకు కత్తెరకు బలైంది. 2021లో జాక్ స్నైడర్ సుదీర్ఘ రూపం వచ్చాకే ఆ పాత్ర కుటుంబం, దుఃఖం, నిర్ణయం ప్రేక్షకులకు పూర్తిగా తెలిశాయి. చిత్రీకరించాక కూడా ఎవరి భాగం తీసేశారన్నదే అసలు లెక్క.

మన బొగ్గు ప్రాంతాన్ని కథలోకి తెచ్చిన 'దసరా' (2023) ఒక అడుగు ముందుకేసింది. మన యాస మాట్లాడింది, బారు గుమ్మం దగ్గర కులం గీసిన గీతను దాచకుండా చూపింది. కానీ అంగన్‌వాడీ టీచరు వెన్నెల భర్తను పోగొట్టుకున్న దుఃఖంలో ఉండగానే, ఆమెను అడగకుండా హీరో తాళి కట్టేస్తాడు. కులం గీతను చూసిన కన్ను ఆడదాని మాటను వినలేదు.

అణగారిన వర్గాల పాత్ర తెరమీద ఉందా అని అడిగి ఆగిపోకూడదు. ఆ పాత్ర తన నిర్ణయం తాను తీసుకుంటుందా, దానికి హీరోతో సంబంధం లేని కోరిక ఒకటైనా ఉందా అని అడగాలి. మనం పేర్కొన్న చిత్రాలు ఈ పరీక్షలో తప్పాయి. నిర్మాతలు మా గనులను, మా వీరుల పేర్లను వాడుకోవచ్చు. ఆ కథలు రాసే గదిలో ఆదివాసీ, దళిత, ముస్లిం, మహిళా రచయితలు కూర్చోవాలి. అది జరగనంతకాలం ఈ సినిమాలు కోట్లు తేవచ్చు, అవార్డులు తేవచ్చు, న్యాయం మాత్రం చేయలేవు.