పోలీసులకు వీఆర్ శిక్షణ: గురితో పాటు సంయమనమూ నేర్పాలి

1992 జులై 1న భిలాయ్ పవర్‌హౌస్ రైల్వే స్టేషన్‌లో, తొలగించిన వారిని విధుల్లోకి తీసుకోవాలంటూ పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. పది మందికి పైగా మరణించారు.

అలాంటి ఉద్రిక్త సమయంలో సరైన నిర్ణయం తీసుకోవడాన్ని తరగతి గదిలో నేర్పడం కష్టం. వర్చువల్ రియాలిటీ ఈ లోటును కొంత తీర్చగలదు. కళ్లకు ధరించే పరికరంలో కనిపించే గుంపు, శిక్షణార్థి మాటతీరును బట్టి శాంతించేలా లేదా రెచ్చిపోయేలా సన్నివేశాలను రూపొందించవచ్చు. పొరపాటు జరిగినా ప్రాణనష్టం ఉండదు.

అమెరికాలో ఆక్సాన్ సంస్థ వీఆర్ శిక్షణలో మానసిక రుగ్మతలున్న వారితో వ్యవహరించే పాఠాలూ ఉన్నాయి. ఉక్కు కర్మాగారం, నందిని సున్నపురాయి గనులు ఉన్న భిలాయ్ వంటి ప్రాంతానికి కార్మిక ఆందోళనే తొలి పాఠం కావాలి. కాల్పులతోనే ముగిసే సన్నివేశాలు పోలీసుకు వేగాన్ని నేర్పుతాయి తప్ప విచక్షణను కాదు. సంప్రదింపులతో నిరసనకారులు వెనుదిరిగే ముగింపు కూడా వాటిలో ఉండాలి.