కారుకు ఎర్తు ఎక్కడ?

ఎండాకాలం వచ్చిందంటే సిద్దిపేట పల్లెల్లో తెలివైన బోరు రైతు ఓ పని మరిచిపోడు. స్టార్టర్ డబ్బా పక్కనున్న ఎర్తు గుంతలో రెండు బిందెల నీళ్లు పోస్తాడు. ఉప్పు, బొగ్గు వేసిన ఆ గుంత తడిగా ఉంటేనే ధైర్యం. డబ్బాకు ఎప్పుడైనా కరెంటు తగిలితే అది మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోతుంది. ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గుకు ఆ లావుపాటి పిన్ను ఉన్నదీ అందుకే.

మరి రాజీవ్ రహదారి మీద దూసుకెళ్లే హైబ్రిడ్ కారు సంగతేమిటి? లోపల వందల వోల్టుల కరెంటు. కింద నాలుగు రబ్బరు టైర్లు. నేలతో సంబంధమే లేదు. గుంత తవ్వేదెక్కడ? ఉప్పు పోసేదెక్కడ?

దానికీ ఎర్తు ఉంది. కాకపోతే అది నేల కాదు... కారు బాడీయే!

గరగర పుట్టేదిక్కడే

పెట్రోలు ఇంజిన్‌కు కరెంటు మోటారును జతచేస్తే హైబ్రిడ్. టయోటా ప్రియస్ 1997 డిసెంబరులో జపాన్‌లో విడుదలై ఈ బాట వేసింది. 2010లో మన దేశానికీ వచ్చింది. 2022లో గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ లాంటివి రావడంతో జిల్లా పట్టణాల్లోనూ హైబ్రిడ్ మాట వినపడుతోంది.

బ్యాటరీ ఇచ్చేది డీసీ కరెంటు. మోటారుకు కావలసింది ఏసీ. మధ్యలో ఇన్వర్టర్ ఆ మార్పిడి చేస్తుంది. ఎలా? సెకనుకు కొన్ని వేలసార్లు స్విచ్ వేసి తీస్తూ. మూడో తరం ప్రియస్‌లో ఈ వోల్టేజి 650 దాకా వెళ్తుంది. అంత వోల్టేజి సెకనులో పది లక్షల వంతు కన్నా తక్కువ సమయంలో లేచి పడుతుంటుంది. మెరుపు మెరిసినప్పుడు రేడియో చిటపటలాడటం పాతతరం వారికి గుర్తే. ఇదీ అలాంటిదే. కాకపోతే మెరుపు ఒక్కసారి, ఇక్కడ వేలసార్లు. ఆకాశవాణి హైదరాబాద్-ఎ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ లాంటి ఏఎం స్టేషన్లకు ఈ గోల నేరుగా తగులుతుంది.

ఇది చిన్న సమస్యేం కాదు. కొన్ని కంపెనీలు తమ విద్యుత్ కార్లలో ఏఎం రేడియోనే తీసేశాయి. ఫోర్డ్ కూడా అదే బాట పట్టబోయి, విపత్తుల హెచ్చరికలు వినేదెలా అని అమెరికాలో గొడవ కావడంతో 2023 మేలో వెనక్కి తగ్గింది.

మత్తడి లేని చెరువు

మోటారు తీగచుట్టకూ దాని ఇనుప తొడుగుకూ మధ్య ఇన్సులేషన్ ఉంటుంది. మామూలు కరెంటు దాన్ని దాటలేదు. కానీ, ఇన్వర్టర్ కుదుపు కొట్టిన ప్రతిసారీ కొంచెం కరెంటు తొడుగులోకి పాకుతుంది. అది ఎక్కడ పుట్టిందో అక్కడికే, అంటే ఇన్వర్టర్‌కే తిరిగి చేరాలి. దారి దగ్గరగా ఉంటే చప్పుడు చేయకుండా వెళ్లిపోతుంది. లేదంటే బాడీ అంతా తిరిగి, సెన్సర్ల వైర్లలోనూ మోటారు బేరింగుల్లోనూ దూరి వెళ్తుంది. అది చుట్టూ తిరిగిన దారే ఏరియల్‌లా మారి గోలను ప్రసారం చేస్తుంది.

చెరువు నిండితే నీరు పోవడానికి మత్తడి ఉండాలి. లేకపోతే కట్ట తెగి ఎటు పడితే అటు పోతుంది. కారులో మత్తడి పని చేసేవి కొన్ని ఉన్నాయి. మోటారు, ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టెల తొడుగుల్ని బాడీకి కలిపే అల్లిక పట్టీలు మొదటివి. నారింజ రంగు కేబుళ్ల మీద చుట్టిన లోహపు జాలీ రెండోది. దాన్ని రెండు కొసల్లోనూ తొడుగుకు చుట్టూతా బిగిస్తారు. ఇన్వర్టర్ లోపలి చిన్న కెపాసిటర్లు మూడోవి. పారిపోయిన కరెంటుకు ఇవి దగ్గరి దారి చూపిస్తాయి.

ఒక్క విషయం. పెద్ద బ్యాటరీ ప్లస్సు, మైనస్సుల్లో దేన్నీ బాడీకి నేరుగా కలపరు. కలిపేది తొడుగుల్ని మాత్రమే. బాడీకి మైనస్ కలిపి ఉండేది 12 వోల్టుల చిన్న బ్యాటరీకి.

మీటరు చెప్పని నిజం

‘ఎర్తే కదా, ఓ వైరు ముక్క వేస్తే సరి’ అనుకుంటే పొరపాటు. మీటరు పొడుగు సన్నటి వైరును మీటరు పెట్టి చూస్తే అడ్డు దాదాపు సున్నా చూపిస్తుంది. గోల కరెంటు లెక్క వేరు. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర అదే వైరు సుమారు 6 ఓములు, పది మెగాహెర్ట్జ్ దగ్గర 60 ఓములకు పైగా అడ్డుపడుతుంది. అందుకే పట్టీ పొట్టిగా, వెడల్పుగా ఉండాలి. పొడవు వెడల్పుకు అయిదు రెట్లు మించకూడదన్నది ఇంజినీర్లు పాటించే లెక్క. బోల్టు కింద పెయింటు గానీ తుప్పు గానీ ఉందా... పట్టీ ఉన్నా లేనట్టే.

తొడుగుకూ బాడీకీ మధ్య అడ్డు 0.1 ఓము లోపే ఉండాలన్నది ఐక్యరాజ్యసమితి ఆర్-100 నిబంధన. మన దేశంలో విద్యుత్ వాహనాల భద్రతకు ఏఐఎస్-038, ఈ రేడియో గోలకు ఏఐఎస్-004 మూడో భాగం ఉన్నాయి. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో ఈ పరీక్షలు జరుగుతాయి.

షెడ్డు నుంచి వచ్చాక...

కొత్త కారు ఈ పరీక్షలన్నీ దాటే వస్తుంది. చిక్కంతా తర్వాతే. ఎక్కడో గుద్దుకుంటుంది. డెంటింగ్, పెయింటింగ్ అవుతాయి. విప్పిన పట్టీల్లో ఒకటి మళ్లీ బిగించరు. లేదా పెయింటు మీదే బిగిస్తారు. కారు మామూలుగానే నడుస్తుంది. కొన్నాళ్లకు ఉండుండి డ్యాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలుగుతుంది. సెన్సర్లు ఒక్కొక్కటే మారుస్తారు. డబ్బు పోతుంది, దీపం మాత్రం పోదు. బేరింగుల గుండా పారే కరెంటు వాటిని లోపల్లోపల గీతలు పడేలా తినేస్తుంది. అన్నిటికీ మించి, ఎప్పుడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే షాక్ నుంచి చేతిని కాపాడాల్సింది కూడా ఆ పట్టీయే.

అందుకే హైబ్రిడ్ కారున్నవారు, సెకండ్‌హ్యాండులో కొనేవారు కొన్ని గుర్తుంచుకోవాలి. నారింజ కేబుళ్ల జోలికి శిక్షణ పొందిన మెకానిక్ తప్ప ఎవరూ వెళ్లకూడదు. బాడీ పని చేయించాక ‘ఎర్తు పట్టీలన్నీ మళ్లీ బిగించారా? కింద పెయింటు గీకారా?’ అని అడగాలి. రేడియో గరగరలాడితే ముందు చవక ఛార్జర్లు, బయట వేయించిన లైట్లు తీసి చూడాలి. తీశాకా తగ్గకపోతే, దీపం కూడా వెలుగుతుంటే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలి.

కారు కొనేటప్పుడు మైలేజీ ఎంతని పదిసార్లు అడుగుతాం. రిపేరు నుంచి వచ్చాక పట్టీ సంగతి ఒక్కసారి అడగడానికి పైసా ఖర్చు కాదు.