ఓర్పునకును ఒక హద్దు కలదు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల వేసవిని గూర్చి పరాయి ఊరివాడెవడైనను జాలిపడినచో, “ఎండలు మాకు అలవాటేలే నాయనా” అని నవ్వి త్రోసిపుచ్చుట అక్కడి పెద్దలకు పరిపాటి. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ పరీవాహకపు నల్లరేగడి భూములు గల ఆ సీమలో తరతరములుగా బ్రతుకుచున్నవారి నోట ఆ మాట అసత్యము కాదు. అయితే పని చేయువాడు ధైర్యమునకై చెప్పుకొను ఈ మాటను, పని చేయించువాడు పనివేళలు మార్చకుండుటకు సాకుగా గ్రహించుటయే అన్యాయము. కనుక ఆ అలవాటు దేహమున ఎట్లు సిద్ధించుచున్నదో, అందులకు ఏ మూల్యము చెల్లుచున్నదో విచారింపవలసియున్నది.

జీవకణములోని పనులలో అత్యధికము ప్రోటీనులే నిర్వహించుచున్నవి. ప్రతి ప్రోటీను తొలుత అమైనో ఆమ్లముల గొలుసుగా పుట్టి, పిమ్మట తనదైన రూపమునకు మడతపడును; ఆ రూపమునకు వలయు సమాచారము గొలుసులోనే ఇమిడియున్నదని నిరూపించిన ఆన్ఫిన్సెన్ పండితునకు 1972లో నోబెల్ బహుమానము లభించెను. కాని, కణములోపల ఇరుకు మిక్కుటము. వేడిమి మితిమీరినచో మడతలు సడలి, లోపల దాగియుండవలసిన, నీటికి గిట్టని భాగములు బయటపడి, ఒకదానికొకటి అంటుకొని, పెనముపై కోడిగ్రుడ్డు తెల్లసొన వలె గడ్డకట్టును. చాపరోనులని శాస్త్రజ్ఞులు పేర్కొను సహాయక ప్రోటీనులు అట్టి భాగములను పట్టుకొని, గడ్డకట్టనీయక, మరల సరిగా మడతపడుటకు అవకాశము కల్పించును.

ఇటలీ దేశమున రిటోసా అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో ఇంక్యుబేటరు వేడిమి పొరపాటున హెచ్చగా, పండ్ల ఈగల క్రోమోజోములపై క్రొత్త ఉబ్బులు కానవచ్చెను. 1962లో ఆయన ప్రకటించిన ఆ పరిశీలనయే, వేడిమికి కణము స్పందించు తీరును గూర్చిన పరిశోధనకు నాంది. తరువాతివారు కనుగొనిన విధానము మిక్కిలి పొందికైనది. మామూలు వేళలలో హెచ్.ఎస్.ఎఫ్.1 అను నియామక ప్రోటీనును చాపరోనులే అణచియుంచును; చెదరిన ప్రోటీనులు పెరిగినప్పుడు చాపరోనులు ఆ వైపునకు మరలగా, విడివడిన నియామక ప్రోటీను జన్యువులను ప్రేరేపించి మరిన్ని చాపరోనులను తయారుచేయించును; అవి చాలినన్ని ఐన పిమ్మట దానిని మరల అదుపు చేయును. చెమట త్వరగా పట్టుట, రక్తములోని ద్రవము పెరుగుట మొదలగు మార్పులతోపాటు ఎండకు అలవాటుపడుటలో ఇదియు ఒక భాగము. అయితే ఇది ఊరక లభించునది కాదు. హెచ్.ఎస్.పి.70 వంటి చాపరోను ప్రోటీనును పట్టి విడుచు ప్రతి ఆవృత్తమునను ఏ.టి.పి. రూపమున శక్తి ఖర్చగుచుండును. తీవ్రమైన వేడిలో కణము తన ఇతర ప్రోటీనుల తయారీని చాలవరకు తగ్గించుకొనును.

మరియు మొక్కలలోను ఉండు ఈ రక్షణ అన్ని అవయవములకును సమానము కాదు. అక్టోబరు, నవంబరు మాసములలో విత్తి, నేలలోని తేమపైననే పండించు పప్పుశనగయే ఇందులకు నిదర్శనము. ఆలస్యముగా విత్తిన చేను పూతమీద నుండగా పగటి వేడిమి 35 డిగ్రీలు దాటినచో, గట్టుపై నిలిచి చూచువానికి పైరు పచ్చగనే కనబడును. చేనులో దిగి కొమ్మ త్రిప్పి చూచినప్పుడు గాని, కాయ పట్టక ఎండిన పూతొడిమలు కంటబడవు. ఆకు తట్టుకొనినది, పుప్పొడి తట్టుకొనలేదు. పక్వమైన పుప్పొడి ఆకువలె ఈ రక్షక ప్రోటీనులను సిద్ధపరచుకొనజాలదని పెక్కు మొక్కలలో తేలినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనసంస్థ వంగడము నుండి వచ్చిన జె.జి.14 వంటి వేడిని సహించు రకములు కొంత మేలు చేసినవి. యంత్రముతో కోయుటకు వీలగు ఎన్.బి.ఇ.జి.47 వంటి రకములను నంద్యాల పరిశోధనాస్థానమే రూపొందించినది. ఎంతటి రకమైనను అదనుకు విత్తిననే ఫలితము. కావున సబ్సిడీ విత్తనము అదను దాటకముందే రైతు చేతికి అందవలయును.

మానవదేహమునందును ఇట్టి బలహీనస్థానములు కలవు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనసంస్థలో చింతలగిరి మోహనరావుగారును వారి సహచరులును విశేషముగా పరిశోధించిన ఆల్ఫా క్రిస్టలిన్ అను ప్రోటీను కంటికటకమున చాపరోనుగా పనిచేయును. కటకపు నడిమి కణములలో క్రొత్త ప్రోటీను తయారు కాదు. పుట్టుకనాటి ప్రోటీనులతోనే జీవితమంతయు గడపవలయును. ఆ చాపరోనుల నిలువ తరిగి ఇతర ప్రోటీనులు గడ్డకట్టుటయే శుక్లమునకు ముఖ్యకారణములలో నొకటి. అక్కడ అలవాటు అను ప్రసక్తియే లేదు.

ఇక పనివారి సంగతి. ఆళ్లగడ్డ శిల్పశాలలలో ఉలి పట్టువారికిని, చెరువు పూడిక తీయువారికిని దేహము ఎండకు అలవాటుపడుటకు సుమారు ఒకటి రెండు వారములు పట్టును. కొన్ని వారములు పనికి దూరమైనచో ఆ అలవాటు చాలవరకు పోవును. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్, వేడిలో పనికి క్రొత్తగా వచ్చినవానికి తొలిదినమున 20 శాతము పనియే ఇచ్చి, దినమునకు 20 శాతము మించకుండ పెంచవలెనని సూచించినది. మన పనిచోట్లలో తొలిదినముననే పూర్తి కొలత పని అడుగుచున్నారు.

కొలతను బట్టి కూలి లభించుచోట పని తగ్గించుకొనుమని చెప్పుట, కడుపు మాడ్చుకొనుమని చెప్పుటయే యగును. అట్టి సలహాను ఏ కూలియు పాటింపడు, పాటింపలేదని అతనిని నిందించుటయు తగదు. కావున వేసవి తొలి రెండు వారములలో కొలతను తగ్గించి కూలిని మాత్రము నిండుగా ఇచ్చుటయు, మధ్యాహ్నపు పనిని ఉదయమునకు మార్చుటయు, నీడను, నీటిని పనిలో భాగముగా లెక్కించుటయు ఉత్తర్వుగా వెలువడవలయును. ఖర్చు పెరుగునని ఎవరైన ఆక్షేపింతురేమో. ఆ ఖర్చు నేడును ఉన్నది, కాని దానిని కూలివాని దేహము ఒక్కటియే భరించుచున్నది. పని చేయించుకొనువారును అందులో తమ పాలు చెల్లింపవలయును.