శుక్లము: తొలగింపదగిన చీకటి

వార్ధక్యము దైవాధీనము, అంధత్వము మాత్రము అట్లు కాదు. ఈ భేదమును మన పల్లెలు ఇంకను గ్రహింపలేదు. వికారాబాదు, తాండూరు ప్రాంతముల ఏ ఊరి అరుగు చూచినను, చేతికర్రతో తడవుకొనుచు "వయసు మీరినది, చూపు పోయినది" అని నిట్టూర్చు వృద్ధులు కానవత్తురు. బండల గనులలోను, కందిచేలలోను, ఎండలో ఆయువును వెచ్చించినవారే వీరు. ఆ యెండయు, పొగాకును, మధుమేహమును శుక్లమును త్వరపెట్టునని వైద్యులు చెప్పుచున్నారు.

కంటిలోని సహజకటకము మసకబారుటయే శుక్లము. దీనిని ఏ మందుచుక్కలును కరగింపలేవు. ఆకుపసరులు హానియే చేయును. శస్త్రచికిత్స యొక్కటియే మార్గము. శుక్లమును పక్కకు త్రోయు విద్య సుశ్రుతుని నాడే మన దేశమున నుండెను. పిమ్మట కటకమును తీసివైచి దళసరి అద్దము లిచ్చెడివారు. యుద్ధవిమానముల ప్లాస్టికు ముక్కలు వైమానికుల కన్నులలో చొచ్చియు కీడు చేయకుండుటను గమనించిన హెరాల్డు రిడ్లీ, 1949 నవంబరు 29న లండనులో తొలి కృత్రిమ కటకము నమర్చెను. సామాన్యునకు అందని ఆ కటకమును 1992 నుండి మదురలోని అరోలాబు స్వదేశముననే చౌకగా చేయుచున్నది. నేడు చికిత్స సాధారణముగా అరగంటకు మించదు. రోగి నాడే యింటికి పోవచ్చును.

అయినను చీకటి యేల మిగిలినది? 2018 ఆగస్టు 15న ప్రారంభమైన కంటివెలుగు కోటిన్నరకు మించిన జనుల కన్నులను పరీక్షించెను. 2023లో రెండవ విడతయు నడచెను. ఇది శ్లాఘనీయము. కాని అద్దములు శుక్లమును తొలగింపవు. చిట్టాలో పేరెక్కుట వేరు, శస్త్రచికిత్స బల్లను చేరుట వేరు. ఈ రెంటి నడుమ రానుపోను ఖర్చును, తోడు వచ్చువాని దినకూలియు, భయమును అడ్డు నిలుచుచున్నవి. "పొర ముదురనిండు" అను పాతమాట మరియొక యడ్డంకి. ముదిరినకొలది చికిత్స కష్టమగునే కాని సులభము కాదు. ఇక ఇంటి ముసలమ్మ వంతు ఎప్పుడును కడపటిదే.

రాజధానిలో సరోజినీదేవి నేత్రవైద్యశాల కలదు. పేదలకు ఉచితముగా చికిత్స చేయు ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్యసంస్థ కలదు. వికారాబాదును, తాండూరును రైలుమార్గము మీదనే యున్నవి. కావున కొరతపడినది విద్య కాదు, పూనిక. పట్టికలో నెక్కినవారిలో ఎందరికి చికిత్స జరిగెనో, ఎందరు మిగిలిరో, గ్రామము వారీగా జిల్లా వైద్యశాఖ ప్రకటింపవలయును. పంచాయతీలు ప్రయాణభారము వహింపవలయును. చికిత్సానంతరము నొప్పి గాని ఎరుపు గాని కనబడినచో ఆ దినమే వైద్యుని చేర్చు ఏర్పాటుండవలయును.

పఠనమందిరములలో ఈ పత్రిక చదువు యువకులారా! మీలో ఒక్కొక్కరు మీ వీధిలోని ఒక్క వృద్ధుని చేయి పట్టుకొని వైద్యశాలకు గొనిపొండు. మనుమని మొగమును గొంతునుబట్టి గుర్తించు అవ్వ దానిని తిరిగి కన్నులార చూచుటకు మించిన దేశసేవ వేరొకటి యుండునా?