కెనడా వైద్యుల క్షమాపణ: మిగిలిన ప్రశ్న

కెనడా వైద్య సంఘం 2024 సెప్టెంబరు 18న విక్టోరియా నగరంలో ఆ దేశ ఆదివాసీ ప్రజలకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆదివాసీల కోసం వేరుగా నడిపిన ఆసుపత్రులు, బలవంతపు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు, సమ్మతి లేని ప్రయోగాలలో వైద్యులకున్న పాత్రను అంగీకరించింది. సంఘం ఏర్పడింది 1867లో. క్షమాపణ చెప్పాలన్న నిర్ణయం వెలువడింది మాత్రం 2023లో, తొలి ఆదివాసీ అధ్యక్షుడు డాక్టర్ అలికా లాఫొంటెయిన్ హయాంలో.

ఇది గతించిన చరిత్రకే పరిమితమైన విషయం కాదు. 2020 సెప్టెంబరు 28న క్యూబెక్ రాష్ట్రంలోని జోలియెట్ ఆసుపత్రిలో అతికమెక్ తెగకు చెందిన జాయిస్ ఎచక్వాన్ మరణించారు. వయస్సు 37 ఏళ్లు, ఏడుగురు బిడ్డల తల్లి. కడుపునొప్పితో చేరిన ఆమె, సిబ్బంది తనను ఈసడిస్తూ పలికిన మాటలను మంచం మీద నుంచే ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. ఆ ఫోనే లేకుంటే ఆ మాటలు గది దాటేవా? మత్తుమందులకు బానిస అన్న ముద్ర ఆధారం లేకుండానే ఆమెపై పడిందని, జాతి వివక్ష ఆ మరణానికి దోహదం చేసిందని మరణ విచారణాధికారి జెహాన్ కమెల్ 2021లో తేల్చారు. అంతకుముందు 2008లో విన్నిపెగ్‌లో బ్రయన్ సింక్లెయిర్ అత్యవసర విభాగంలో 34 గంటలు చక్రాల కుర్చీలోనే నిరీక్షించి, చికిత్సకు లొంగే మూత్రాశయ ఇన్ఫెక్షన్‌తో కన్నుమూశారు. ఆయన మద్యం మత్తులో ఉన్నారని సిబ్బందిలో కొందరు అనుకున్నారు.

వైద్యులందరూ మౌనం వహించలేదు. ఆదివాసీ వ్యవహారాల శాఖ ప్రధాన వైద్యాధికారి పీటర్ బ్రైస్ 1907లోనే ఆదివాసీ బాలల వసతి పాఠశాలలను పరిశీలించారు. 15 పాఠశాలల లెక్కల ప్రకారం 1,537 మంది విద్యార్థులలో దాదాపు నాలుగో వంతు మరణించారని, క్షయ ప్రధాన కారణమని నివేదించారు. గాలి, వెలుతురు, ఆరోగ్య పర్యవేక్షణ కోరారు. ఖర్చు చూసిన శాఖ ఆ సిఫారసులను పక్కన పెట్టింది. 1921లో ఆయనకు పదవీ విరమణ తప్పలేదు. మరుసటి ఏడాది ఆయనే వాస్తవాలను చిన్న పుస్తకంగా అచ్చువేయించారు. వైద్యుని నివేదిక ఎంత కచ్చితమైనా, వినవలసిన యంత్రాంగం తలుపు మూస్తే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

వైద్య సంఘం ప్రతినిధి సంస్థ మాత్రమే. ఆసుపత్రులను శాసించే అధికారం దానికి లేదు. జాయిస్ పేరిట అతికమెక్ ప్రజలు రూపొందించిన సూత్రం, వివక్ష లేని వైద్యాన్ని హక్కుగా కోరుతుంది. సమాఖ్య ప్రభుత్వం దానిని సమర్థించింది. క్యూబెక్ ప్రభుత్వం మాత్రం వ్యవస్థాగత జాతి వివక్ష ఉన్నదన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. కమెల్ నివేదికలోని మొట్టమొదటి సిఫారసు ఆ మాటను అంగీకరించమనే.