ఆరో చుక్క

మన సభల్లో ఈమధ్య కొత్త మర్యాద ఒకటి మొదలైంది. వక్త లేవగానే దీపాలు ఆర్పుతారు. తెరమీద పది చుక్కలు, వాటి పక్కన క్రియలేని పది ముక్కలు. వక్త మనకు వీపు చూపించి వాటినే చదువుతాడు. చదవడం మనకూ వచ్చు కదా! “పిల్లలు రావాలంటే ఇవన్నీ ఉండాలండీ” అంటారు కార్యవర్గంవారు. వచ్చిన పిల్లలు ఆ చీకట్లో ఏం చేస్తున్నారో వారు చూడలేదు కాబోలు.

ఇది అభిరుచి తగాదా కాదు. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక పైకి లేస్తున్నప్పుడు ఇంధనపు ట్యాంకు నుంచి నురగముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. దెబ్బ ఎంతటిదో లెక్కవేసిన ఇంజనీర్లు ఆ సంగతి నాసాకు స్లయిడ్లలో చెప్పారు. ఒక స్లయిడు శీర్షిక ధైర్యం చెబుతున్నట్టుంది. అసలు సంగతి అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, తగిలిన దాని అంచనా 1920. అంటే 640 రెట్లు! ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. స్లయిడే చంపిందని నేననను. కానీ ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లయిడును విప్పి చూపిన తీరును దర్యాప్తు సంఘం తన నివేదికలోనే చేర్చింది.

అంత దూరం ఎందుకు, నా తప్పు చెబుతాను. హోసూరు దగ్గర పల్లెలో పొదుపు సంఘాల ఆడవాళ్ళకు ఋణాల గురించి చెప్పడానికి పన్నెండు స్లయిడ్లు చేసుకుపోయాను, సగం ఇంగ్లీషులో. ‘గడువులోగా కట్టినవారికే వడ్డీ రాయితీ’ అన్నది తొమ్మిదో స్లయిడులో ఆరో చుక్క. ఏడాది తర్వాత ఒకామె పాసుపుస్తకం నా బల్లమీద పెట్టి, “ఈ మాట నోటితో చెప్పుంటే గాజులు కుదవపెట్టైనా కట్టేదాన్ని కదా సార్” అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

తెర వద్దనడం లేదు. పాత శాసనం ఫోటో చూపండి, పటం చూపండి. మాట రాయవలసివస్తే ఒక్కటే రాయండి, క్రియతో సహా, నిండు వాక్యంగా. మన ఒత్తులకు కింద చోటు కావాలి. ఇంగ్లీషు కొలతన పంక్తులు ఇరికిస్తే పైవాడి ఒత్తు కిందివాడి గుడిమీద కూర్చుంటుంది. అంకెలుంటే కాగితం మీద అచ్చువేసి చేతికివ్వండి. ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ చూసుకుంటారు.

వచ్చే సభలో నన్ను మాట్లాడమన్నారు. దీపాలు ఆర్పవద్దని కార్యదర్శిగారికి ఇప్పుడే మనవి చేసుకుంటున్నాను.